ఐరావతం ఎడమ వెనక చక్రం

నీళ్ళు: 17 రోజులకు

ఈ పని పుస్తకంలో నేను మామూలుగా రోజుకు రెండు ముక్కలకు మించి రాయను. ఫిల్టరు దులిపాను, బోల్టు మార్చాను, కింద సంతకం, అంతే. ఇవాళ మాత్రం చెయ్యి ఆగడం లేదు. చదివేవాళ్ళు విసుక్కోకండి, కారణం ఉంది.

పొద్దున ఐరావతం రాళ్ళ క్వారీ దాకా వెళ్ళి వచ్చింది. ఐరావతం అంటే మా ఊరి మంచు బండి. ఆరు చక్రాలు, ముప్ఫై ఒక్క ఏళ్ళ వయసు, ఎర్రదుమ్ము పట్టీపట్టీ దాని అసలు రంగేమిటో ఎవరికీ గుర్తు లేదు. ఉత్తరాన మంచులోయకు వెళ్ళి మంచు కోసుకొచ్చేది అదొక్కటే. డ్రైవరు ఏసోబు బాబాయ్ బండి దిగి, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఎడమెనక చక్రం కాడ అరుపు మారింది."

"మారడమేంటి బాబాయ్? పెరిగిందా?"

"పెరగలా. మారింది. ఇంతకుముందు గొణిగేది. ఇప్పుడు పళ్ళు కొరుకుతంది."

ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఆ బండి నడుపుతున్నాడు. దాని గొంతు ఆయనకు తెలిసినంత బాగా మా ఆయన గొంతు నాకు తెలియదు. జాకీ వేసి చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పాను. ఇసుక నలిగినట్టు వేళ్ళకు తగిలింది. లోపల ఇరుసు అరిగింది, అనుమానం లేదు.

మనుషులు తాగే నీళ్ళకు ఢోకా లేదు. వాటిని వడకట్టుకుని మళ్ళీ మళ్ళీ తాగుతూనే ఉంటాం, కానీ అందులోంచి మడికి పోస్తే మాకే చాలవు. బెంగంతా నారుమడి గురించే. మస్తానమ్మక్క పద్నాలుగేళ్ళు ఈ అంగారకుడి మట్టిలో ఉప్పు కడిగీ కడిగీ, చివరికి ఈ ఏడు గాజు కప్పు కింద వరి మొలిపించింది. ఎనిమిది మడుల నిండా జానెడెత్తు పచ్చ! మా నాగులేరులో రెండొందల పన్నెండు మందిమి ఉన్నాం. ఏ వేళప్పుడు చూసినా అందులో ఎవరో ఒకరు ఆ గాజుకు ముక్కు ఆనించి నిలబడే ఉంటారు. ఏరు లేని ఊరికి నాగులేరని పేరెందుకు పెట్టారో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు, ఆ పచ్చదనం చూశాక కాస్త తెలిసింది.

మడి ట్యాంకులో నీళ్ళు ఇంకా పదిహేడు రోజులకు సరిపోతాయి. మంచుకు వెళ్ళి రావడానికి ఏడు రోజులు. అంటే చక్రం సంగతి తేల్చడానికి నాకున్నవి పది రోజులు.

భయపడాల్సిన విషయమే. భయపడ్డాను కూడా. కానీ ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదు గనక చెబుతున్నాను, భయం కన్నా సంబరమే ఎక్కువైంది.

నీళ్ళు: 16 రోజులకు

సంబరం దేనికో చెబుతాను. మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. బండిలో ఏ భాగాన్నైనా చేత్తో బాగుచేస్తే, ఆ బాగుచేసిన మనిషి తొలి ప్రయాణంలో రెండో సీట్లో కూర్చుని వెళ్ళి తీరాలి. దారిలో బండి ఆగిపోతే ఆ మనిషి కూడా అక్కడే ఆగిపోవాలన్నమాట. అందుకే మా దగ్గర నట్టు బిగించేటప్పుడు ఎవరూ పరధ్యానంగా ఉండరు. పాతది కరిగించి, లోహాన్ని పొరపొరగా పేర్చే అచ్చుయంత్రంలో కొత్తది పోయిస్తే మాత్రం ఈ గొడవ లేదు. యంత్రాన్ని సీట్లో కూర్చోబెట్టలేం కదా.

నాకు నలభై మూడేళ్ళు. ఇక్కడే పుట్టాను. పన్నెండేళ్ళుగా ఈ వర్క్‌షాపు నా చేతిలో ఉంది. ఊరి చివరి దీపస్తంభం దాటి ఎనిమిది కిలోమీటర్ల అవతల ఏముందో నేను కళ్ళతో చూడలేదు! మంచులోయలో పొద్దెక్కగానే గోడలన్నీ నీలంగా వెలుగుతాయని ఏసోబు బాబాయ్ చెబుతుంటే వినడమే తప్ప. ఇన్నేళ్ళలో పెద్ద భాగం ఒక్కటీ నా హయాంలో పాడవలేదు. నా పనితనం బాగుండడమే నా కొంప ముంచింది.

ఇవాళ చక్రం విప్పాను. ఇరుసు బయటికి తీసి బల్ల మీద పెట్టి తుడిస్తే, దాని చివర సుత్తితో కొట్టిన మూడు పేర్లు కనబడ్డాయి. ఇంతకుముందు దాన్ని బాగుచేసి, దానితో పాటు మంచులోయకు వెళ్ళొచ్చిన ముగ్గురివి. చివరి పేరు రాహేలు. నాకు పని నేర్పిన మనిషి. ఏసోబు బాబాయ్ భార్య. పోయి ఆరేళ్ళయింది. నాలుగో పేరుకు పక్కన చోటుంది. ఆ చోటు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను.

ఇక దారులు రెండు. ఒకటి, అరిగిన చోట వెల్డింగ్ పోసి, లేత్ యంత్రం మీద తిప్పి కోసి, పాత ఇరుసునే నిలబెట్టడం. నాలుగు రోజుల పని. రెండోది, దాన్ని కరిగించి కొత్తది అచ్చు పోయించడం. ఆరు రోజులు పడుతుంది. పైగా పాతది ఒకసారి కొలిమిలో పడ్డాక వెనక్కి రాదు. ఈ ఎర్రమట్టిలోంచి ఇనుము తీసే ఏర్పాటు మాకు లేదు, ఉన్నదాన్నే తిప్పి తిప్పి వాడుకోవాలి.

అరిగిన లోతు పాయింట్ ఐదు మిల్లీమీటర్లు దాటకపోతే వెల్డింగ్ నిలుస్తుంది. దాటితే నిలవదు. ఇరుసుకు నాలుగు దిక్కులు గుర్తుపెట్టుకుని కొలవడం మా పద్ధతి. తూర్పున పాయింట్ నాలుగు. పడమర పాయింట్ నాలుగు. ఉత్తరాన పాయింట్ నాలుగు.

బాగుచేయవచ్చు! ఎర్ర పెన్సిల్‌తో రెండుసార్లు గీత కొట్టి మరీ రాశాను.

నీళ్ళు: 15 రోజులకు

క్యాంటీన్‌లో అందరూ కూర్చున్నారు. ఊరి పెద్ద గోవర్ధనం గారు చేతులు కట్టుకుని విన్నారు. బాగుచేస్తే రెండు రోజులు కలిసొస్తాయని, అచ్చుయంత్రం పదింటిలో ఒకటి పగుళ్ళతో తీస్తోందని, పాతది చేతిలో ఉంటే ధైర్యమని నేను గబగబా చెప్పేశాను. నా గొంతు నాకే మరీ పెద్దగా వినిపించింది.

మస్తానమ్మక్క చేతికి మట్టి అలాగే ఉంది. "నాకు చక్రాల సంగతి తెల్వదు," అంది. "నారు సంగతి తెలుసు. నీళ్ళు ఆగిన రెండోపూటకే తల వేలాడేసిద్ది. ఎట్టా తెస్తారో మీ ఇష్టం, ఆ లోపు తెండి."

గోవర్ధనం గారు నా వైపు చూశారు. "సువర్చలా, ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోమాక. ఇరుసు బాగయిద్దని చెప్తన్నావా? ఎక్కాలని ఉండి చెప్తన్నావా?"

నాకు ఒళ్ళు మండింది. "కొలత రాసింది నేనండీ, నా ఆశ కాదు. పుస్తకం అక్కడుంది, చూసుకోండి," అన్నాను.

ఆయన పుస్తకం చూడలేదు. చూడకుండానే సరేనన్నారు. నా మాట మీద నమ్మకం ఉండి సరేనన్నారు. అన్నం సగంలోనే వదిలేసి లేచాను.

నీళ్ళు: 14 రోజులకు

పొద్దున వెల్డింగ్ మొదలుపెట్టాలి. ఇరుసును వేడి చేయడానికి బర్నరు కూడా వెలిగించాను. వెలిగించి ఆర్పేశాను.

దక్షిణం కొలవలేదు. మూడు దిక్కులు ఒకేలా వచ్చేసరికి నాలుగోది చూడకుండా వదిలేశాను. మర్చిపోయానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ మర్చిపోలేదు. కొలిచే పరికరాన్ని చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగి, దాన్ని పెట్టెలో పెట్టేశాను. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది.

ఇవాళ కొలిచాను. పాయింట్ ఏడు. నూనె రాసి, తుడిచి, సుద్దపొడి చల్లి చూశాను. వెంట్రుక మందాన ఒక గీత నెమ్మదిగా నూనె కక్కింది. పగులు. దీని మీద వెల్డింగ్ పోసి ఉంటే మంచులోయకు చేరకుండానే విరిగేది, నేనూ ఏసోబు బాబాయ్ ఆ చలిలో కూర్చుని గాలి లెక్కపెట్టుకునేవాళ్ళం.

టిఫిన్ల వేళకు క్యాంటీన్‌కు వెళ్ళి, అందరి ముందూ నిలబడి చెప్పాను. మూడే కొలిచానని, ఎందుకు మూడే కొలిచానో కూడా. ఎవరూ తిట్టలేదు, తిడితే బాగుండేది.

గోవర్ధనం గారు, "రెండ్రోజులు పోయినయ్. ఇంకోటి పోనీమాక. అచ్చు పోయించు," అన్నారు. అంతే.

బయటికొస్తుంటే ఏసోబు బాబాయ్ వెనకనే వచ్చాడు. "మా రాహేలయితే నీ చెవి మెలిపెట్టేది," అన్నాడు.

"మీరు మెలిపెట్టండి బాబాయ్."

"నాకెందుకు? చెప్పావు గదా." అంటూ నన్ను దాటి నడిచాడు. "నన్ను సంపకుండా చెప్పావు."

నీళ్ళు: 13 రోజులకు

ఇరుసు తూకం నలభై నాలుగు కిలోలు. అచ్చుయంత్రానికి నలభై ఒకటి చాలు. అందుకని పేర్లున్న చివరను మూడు కిలోల బిళ్ళగా కోసి పక్కన పెట్టాను. ఆ పేర్లను కొలిమిలో వేయడానికి మనసొప్పలేదు. మిగతాదాన్ని నా చేతులతోనే వేశాను.

నేను ఎక్కడం లేదు. రెండో డ్రైవరు తిరపతయ్య మామూలుగా వెళతాడు. నడుం నొప్పి అంటూ మూలుగుతూనే సంచి సర్దుకుంటున్నాడు. నాకు కుళ్ళు లేదని రాయలేను.

నీళ్ళు: 11 రోజులకు

యంత్రం కిటికీ ముందు నుంచి కదల్లేకపోతున్నాను! పొర మీద పొర, పొర మీద పొర. కాగితం మందం కూడా లేని మెరుపు తిరుగుతూ తిరుగుతూ ఇనుముగా లేస్తోంది. దుఃఖంలో ఉన్నాననుకున్నాను గానీ, మూడు గంటలు నోరు తెరుచుకుని చూశానట. మస్తానమ్మక్క భోజనం తెచ్చి అక్కడే పెట్టి పోయింది.

నీళ్ళు: 8 రోజులకు

రేపు పొద్దున అచ్చు బయటికొస్తుంది. మధ్యాహ్నానికి బిగించి, సాయంత్రానికి బండి కదిలిస్తే ఏడో రోజుకు మంచు మన వాకిట్లో ఉంటుంది. ఒక్క చుక్క మిగలదు గానీ ఒక్క మొక్కా పోదు. ఇరుసు కూర్చునే గూడు తుడిచి, గ్రీజు రాసి సిద్ధం చేశాను. తిరపతయ్య వచ్చి సీటు దిండు సర్దుకుని వెళ్ళాడు.

నీళ్ళు: 7 రోజులకు

పగులు లేదు, బుడగ లేదు. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తీసుకెళ్ళాను. ఏసోబు బాబాయ్ చక్రం పట్టుకున్నాడు, నేను ఇరుసును గూట్లోకి తోశాను. అది సర్రున లోపలికి జారిపోయింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇరుసు అలా జారకూడదు. బిగువుగా, బతిమాలించుకుని వెళ్ళాలి. చేత్తో ఊపితే టకటకా ఆడుతోంది. చుట్టూ రెండు మిల్లీమీటర్ల ఖాళీ.

డ్రాయింగు తీసి చూశాను. ఇరుసు లావు నూట ఇరవై. అచ్చు సరిగ్గా నూట ఇరవై. యంత్రం తప్పేమీ లేదు. తప్పు మాది, మా ఊరి మొత్తానిది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ముగ్గురు దీన్ని బాగుచేశారు. బాగుచేసినప్పుడల్లా గీతలు పడ్డ గూటిని కాస్త తొలిచి పెద్దది చేశారు, ఆ మేరకు ఇరుసు మీద వెల్డింగ్ పోసి లావు పెంచారు. పేర్లు మాత్రం ఇనుము మీద కొట్టుకున్నారు. కొలతలు డ్రాయింగు మీద ఎవరూ మార్చలేదు. బండి కళ్ళ ముందుండగా కాగితం దేనికనుకున్నారు. డ్రాయింగులో ఉన్న ఐరావతం ఇప్పుడు ఎక్కడా లేదు. నేనేమో అరిగిన లోతు కొలిచానే గానీ మొత్తం లావు ఎంతో ఒక్కసారి కూడా చూడలేదు. చూడాల్సిన ఇరుసును కరిగించేశాను!

అచ్చు పోసిన లోహం మీద వెల్డింగ్ పోస్తే పగిలిపోతుంది. మళ్ళీ అచ్చు పోయించడానికి రోజులు లేవు.

అప్పుడు గుర్తొచ్చింది, బిళ్ళ. అరలోంచి తీసి కొలిచాను. నూట ఇరవై నాలుగు! అరగని చివర గనక పాత ఇరుసు అసలు లావు అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. దాని మధ్యను తొలిచేస్తే రెండు మిల్లీమీటర్ల మందంలో ఒక బుష్, అంటే ఇనుప ఉంగరం, వస్తుంది. దాన్ని కొత్త ఇరుసుకు తొడిగితే గూట్లో బిగువుగా కూర్చుంటుంది. వెడల్పు కూడా సరిపోతుంది. ఒకే ముక్క, ఒకే అవకాశం.

కానీ పేర్లు ఆ మధ్యలోనే ఉన్నాయి. బిళ్ళను లేత్‌కు బిగించాను గానీ మీట నొక్కలేకపోయాను. రాహేలు అన్న మూడక్షరాలు సరిగ్గా నా కళ్ళ ముందున్నాయి.

"ఏందమ్మాయ్ ఆగావు?" అన్నాడు ఏసోబు బాబాయ్.

"మీరు చెప్పండి బాబాయ్. ఇందులో మీ..."

ఆయన దగ్గరికొచ్చాడు. ఆ అక్షరాల మీద ఒకసారి వేలు పెట్టి తీశాడు. "పేరు బరువు మొయ్యదు గదమ్మా. ఉంగరం మోసిద్ది. ఆమె ఉన్నా ఇదే చెప్పేది, నువ్వు ఆలస్యం చేస్తన్నావని ఇంకో నాలుగు తిట్టేది కూడా. కానీయ్."

మీట నొక్కాను. మొదటి రవ్వలు లేచేసరికి ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అంత భయంగా, అంత ఇష్టంగా నేనెప్పుడూ పని చేయలేదు. నూలుపోగు మందాన కోత, కొలత, మళ్ళీ కోత. చివరి కోత ముందు కొలిస్తే సరిపోయింది. ఎగిరి గంతేసి, లేత్ మీంచి తీసేద్దామని చెయ్యి చాచాను.

"ఆగు," అన్నాడాయన వెనకనుంచి. "అది కాలిపోతంది. సల్లారనీ. వేడి ఇనుము చెప్పే కొలత నమ్మబాకు."

నిజమే. చల్లారాక కొలిస్తే ఇంకా ఒక్క సన్నని పొర తీయాల్సి ఉంది. ఆ పొర ఉండగానే లేత్ మీంచి దించేసి ఉంటే తొడిగేటప్పుడు చీలిపోయేది. తీశాను. మళ్ళీ చల్లారనిచ్చాను. ఈసారి నాలుగు దిక్కులా కొలిచాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. దక్షిణం రెండుసార్లు.

ఉంగరాన్ని కాల్చి, ఇరుసుకు తొడిగి, చల్లారనిచ్చాను. పట్టేసింది! గూట్లోకి తోస్తే బతిమాలించుకుని, బతిమాలించుకుని, చివరికి ధనామని కూర్చుంది. నేను అరిచిన అరుపుకు బయటికెళ్ళే గాలి గది దగ్గరున్నవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

తిరపతయ్య చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, సంచి దించేశాడు. "దీని మీద నీ చెయ్యి పడింది సువర్చలా. నేనెట్టా ఎక్కుతా?" అన్నాడు. దిండు మాత్రం సీట్లోనే వదిలేశాడు. ఆ మాట అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఒట్టు, తట్టలేదు.

కానీ బండి కదిలేది రేపు పొద్దున. అంటే నీళ్ళు అయిపోయిన మర్నాటికి గానీ తిరిగి రాలేం. మస్తానమ్మక్కకు నేనే వెళ్ళి చెప్పాను. ఆమె ఎనిమిది మడుల వైపూ చూసింది. తర్వాత వంగి, నాలుగు మడుల పంపులు ఒకదాని తర్వాత ఒకటి కట్టేసింది.

"నాలుగన్నా బతకాల గదా," అంది. "మీకు దారిలో ఒక రోజు అటూ ఇటూ అయినా తట్టుకుంటయ్."

నీళ్ళు: 6 రోజులకు (నాలుగు మడులకు 12)

బయల్దేరాం. దీపస్తంభం దాటాం. ఎనిమిదో కిలోమీటరు దాటాం! ఏసోబు బాబాయ్ నన్ను చూసి నవ్వుతున్నాడు, నేనేమో కిటికీకి అతుక్కుపోయాను. కొండలు వెనక్కి పోతుంటే ఇంకా కొండలు వస్తున్నాయి. ఇంత పెద్దదా ఇది!

రెండు గంటలకోసారి ఆగి, దిగి, వెనక చక్రం వేడి చూస్తున్నాను. గోరువెచ్చన, అంతే. కట్టేసిన పంపులు గుర్తొచ్చినప్పుడు మాత్రం నా సంబరానికి నాకే సిగ్గేస్తోంది. కాసేపటికి మళ్ళీ కిటికీకి అతుక్కుంటున్నాను.

"ఏమంటంది బాబాయ్ చక్రం?"

"ఏవంటల్లా. గొణుగుతంది. దాని మానాన దాన్ని గొణుక్కోనీ."

నీళ్ళు: 3 రోజులకు (నాలుగు మడులకు 6)

మంచులోయ. ఏం రాయను? నీలం. పొద్దు పడగానే గోడలు లోపలినుంచి దీపం పెట్టినట్టు వెలిగాయి. అరిచాను. హెల్మెట్‌లో అరిస్తే పక్కవాడి చెవులు పగులుతాయని బాబాయ్ కోప్పడ్డాడు. తర్వాత తనే మెల్లగా అన్నాడు, "మా రాహేలు కూడా ఇట్టాగే అరిచింది."

రోజంతా మంచు కోశాం. పద్దెనిమిది టన్నులు. అంత బరువెక్కాక చక్రానికి హెల్మెట్ ఆనించి వింటూ కూర్చున్నాను. ఉంగరం మోస్తోంది.

నీళ్ళు: నిన్న అయిపోవాల్సింది (నాలుగు మడులకు ఇంకా ఉన్నాయి)

ఊరు చేరేసరికి అందరూ గాలి గది కిటికీల దగ్గరే ఉన్నారు. కేకలు, చప్పట్లు. గోవర్ధనం గారు చక్రం దగ్గర వంగి చూసి, నా భుజం తట్టి వెళ్ళారు. మంచు కరిగే గదిలోకి మొదటి దిమ్మ దొర్లించాం. నేను బట్టలు కూడా మార్చుకోకుండా నారుమడికి పరుగెత్తాను.

నాలుగు మడులు పచ్చగా ఉన్నాయి. ఇంకా పొడుగయ్యాయి. నాలుగు మడులు ఎండుగడ్డి రంగులో నేలకు పడి ఉన్నాయి. మస్తానమ్మక్క వాటి గట్టున గొంతుక్కూర్చుని ఉంది.

నా దగ్గర దాచడానికేమీ లేదు. "అక్కా, ఆ మొదటిరోజే నాలుగు దిక్కులూ కొలిచి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేవి. ఈ నాలుగూ బతికేవి," అన్నాను.

"తెలుసు," అంది.

"ఇవి నా మీదే."

"నీ మీదే." ఆమె తల తిప్పి చూడలేదు. "ఆ నాలుగు బతికినయ్యి కూడా నీ మీదే. బూట్లిప్పి దిగు. పచ్చనారు పీకి ఇందులో నాటాల, మళ్ళు ఖాళీగా ఉంటే నాకు నచ్చదు."

"మరి ఈ ఎండింది?"

"తొక్కు. ఎరువయిద్ది."

పైపులోంచి మంచు నీళ్ళు ఎండిన మడిలోకి వచ్చాయి. వేడి చేసినా ఇంకా చల్లగానే ఉన్నాయి. నేను అందులో దిగాను. నలభై మూడేళ్ళ వయసులో మొదటిసారి నీళ్ళలో నిలబడ్డాను! చీలమండల దాకా నీళ్ళు, వేళ్ళ సందుల్లోంచి పైకి వస్తున్న బురద. ఆ బురదలో, నా అరికాళ్ళ కింద, నేను చంపిన నారు ఒక్కొక్క మొదలూ మెత్తగా విరుగుతోంది. అంత ఏడుపూ అంత ఆనందమూ ఒక్కసారే వచ్చాయి. ఆగకుండా తొక్కాను. మస్తానమ్మక్క మూడు పచ్చని మొక్కలు నా చేతికిచ్చి, ఇక నాటమంది.